మజ్దూర్ అన్న లఫ్జ్ వయసెంత?

పొద్దున్నే ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే రెండు మూడు జబాన్లు ఒకేసారి చెవిన పడతాయి. పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే ఆటోల దగ్గర తెలుగు, బిహార్ నుంచి వచ్చిన పిల్లల హిందీ, మా సంగారెడ్డి సాయిబుల దక్కనీ. "ఇయ్యాల కూలి ఎంత?" అని ఒకరు అడుగుతారు. "మజ్దూరీ కిత్నీ?" అని ఇంకొకరు. సవాల్ ఒక్కటే. కానీ ఆ రెండు లఫ్జులవి రెండు వేరు వేరు ఖాందాన్లు.

"మజ్దూర్" ఫార్సీ మాట. "ముజ్ద్" అంటే చేసిన పనికి దక్కే ప్రతిఫలం. అది దక్కించుకునేవాడు మజ్దూర్. ఇస్లాం రాకకు చాలా ముందే, పార్సీల మతగ్రంథాల భాష అయిన అవెస్తాలో ఇది "మిజ్ద". గ్రీకులో "మిస్థోస్". ఎప్పుడో అంతరించిపోయిన గోథిక్ భాషలో "మిజ్దో". ఇంగ్లీషులో "మీడ్". ఇంగ్లీషువాళ్లు ఆ మాటను మరిచిపోయారు, ఇప్పుడు పాత కవిత్వంలోనే కనిపిస్తుంది. మనం మాత్రం దాని తోబుట్టువును రోజూ పలుకుతున్నాం.

ఇంత దూరం దూరం ఉన్న జబాన్ల మధ్య ఈ రిష్తా ఎట్లా కుదిరింది? 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్నాడు. ప్రాచీన ఫార్సీని కూడా అదే కుటుంబంలో చేర్చవచ్చన్నాడు. ఆయన అంతకు ముందే, 1771లో, ఫార్సీ వ్యాకరణం రాసిన మనిషి. తర్వాతి పండితులు ఆ మూలభాషకు ప్రోటో ఇండో-యూరోపియన్ అని పేరు పెట్టారు. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. సుమారు ఐదారు వేల ఏళ్ల కిందట నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల్లో మాట్లాడేవారని చాలామంది అంచనా. పిల్లల ముఖాలు చూసి తాత ముఖం ఊహించినట్టు, దాని మాటలను తిరిగి కట్టారు. మజ్దూర్‌కు మూలం "మిస్ధో" అట్లా తేలిందే.

ఇది అందాజా వ్యవహారం కాదు, దీనికి కాయిదా ఉంది. 1822లో యాకోబ్ గ్రిమ్ దాన్ని వరసగా చూపించాడు. పాత "ప" ఇంగ్లీషు వైపు "ఫ" అయింది: పిదర్ - ఫాదర్, పంజ్ - ఫైవ్, పాయిజామాలోని పాయ్ - ఫుట్. పాత "ద" అక్కడ "ట" అయింది: దో - టూ, దస్ - టెన్, దాంత్ - టూత్.

కాయిదా లేకుండా చెవిని నమ్ముకుంటే ధోకా తప్పదు. మన "బద్నాం" తీసుకోండి. అందులోని "నాం", ఇంగ్లీషు "నేమ్" సొంత తోబుట్టువులు. "బద్", ఇంగ్లీషు "బ్యాడ్" మాత్రం ఏమీ కావు. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, రిష్తా సున్నా. నడిమి కాలపు ఫార్సీలో ఆ "బద్" అసలు రూపం "వద్". కలిసినట్టు కనిపించినవన్నీ చుట్టాలు కావు. పోలిక లేనట్టు కనిపించే "దో", "టూ" చుట్టాలే.

మరి "కూలి"? అది ద్రావిడ మాట. తెలుగు, తమిళం, కన్నడలది సంస్కృతం నుంచి రాని వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సబూత్‌తో చూపించాడు. అది అచ్చయింది కూడా క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగానే.

మూడో ఖాందాన్ ఒకటి ఉంది. పనివాడి చెమట ఆరకముందే చేతిలో పెట్టాలని ప్రవక్త (స) చెప్పింది "అజ్ర్" గురించి. ఉర్దూలో "ఉజ్రత్" అన్నా అదే ధాతువు. ఇది అరబ్బీ, హీబ్రూలాగా సెమిటిక్ కుటుంబం. ఫ్యాక్టరీ గేటు దగ్గర రాసే "హాజరు" కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. 1591 నాటి మన చార్మినార్ పేరు చూడండి: "చార్" ఇంగ్లీషు "ఫోర్"కు చుట్టం, "మినార్" అరబ్బీ సంతానం.

ఈ హిసాబ్ ఎందుకంటే, "మీ తెలుగులో తురక మాటలు ఎక్కువ, బయటి నుంచి తెచ్చినవి" అని మమ్మల్ని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మజ్దూర్ బయటి మాట అయితే ఫ్యాక్టరీ, షిఫ్ట్, డ్యూటీ ఎక్కడివి? సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన "నామం", మేం పలికే "నాం" ఒకే తల్లి బిడ్డలు కదా. ఒకటి ఇంటిది, ఒకటి పరాయిది ఎట్లా అవుతుంది?

అట్లాగని భాషల చుట్టరికాన్ని రక్తసంబంధం అనుకోవద్దు. ఈ ఇల్మ్ నుంచే ఆర్య జాతి అనే కథ అల్లి, జర్మనీలో నాజీలు లక్షల ప్రాణాలు తీశారు. లఫ్జ్ మనిషి నుంచి మనిషికి పోతుంది. నెత్తురు చూసి పోదు. నేను నమాజులో చదివేది సెమిటిక్, అమ్మతో మాట్లాడేది ఇండో-యూరోపియన్, ఈ వ్యాసం రాస్తున్నది ద్రావిడ భాషలో. నోరు ఒక్కటే.

పటాన్‌చెరు దారిలో ఎక్కడైనా "మజ్దూర్ యూనియన్" అన్న బోర్డు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. "యూనియన్" లాటిన్ "ఊనుస్" నుంచి వచ్చింది, ఒకటి అని అర్థం. ఇంగ్లీషు "వన్" దాని చుట్టమే. ఒక లఫ్జ్ ఇరాన్ మీదుగా, ఇంకొకటి రోమ్, లండన్ మీదుగా వేల ఏళ్లు తిరిగి వచ్చి మన ఫ్యాక్టరీ గేటు దగ్గర పక్కపక్కన కూర్చున్నాయి. వాటి కింద నిలబడ్డ మనిషి, తెలుగాయనైనా బిహారీ అయినా, అడుగుతున్నది ఐదు వేల ఏళ్ల కిందటి ఆ మొదటి అర్థాన్నే: చేసిన పనికి రావలసిన హక్.