పూటకూళ్ళమ్మ పేరేమిటి?

కోస్తా పట్టణాల్లో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే మనకి వినిపించేవి ఎక్కువగా మగవాళ్ళ పేర్లే. కాకినాడలో భోజనానికి సుబ్బయ్య గారి హోటల్, బెజవాడలో ఇడ్లీకి బాబాయ్ హోటల్. హోటలు అనే మాట మన ఊళ్ళకి రాకముందు, పనిమీద పరాయి ఊరు వెళ్ళిన మనిషికి అన్నం పెట్టింది పూటకూళ్ళ ఇల్లు. ఆ ఇంటి పొయ్యి ముందు కూర్చున్న స్త్రీకి మాత్రం పేరు మిగల్లేదు. ఎందుకు మిగల్లేదన్నదే నా ప్రశ్న.

కూడు అంటే అన్నం. పూటకింతని డబ్బు తీసుకుని పెట్టే కూడు పూటకూడు. ఇది పాత వ్యాపారమే. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన ‘క్రీడాభిరామం’లో ఒక్క రూకకి దొరికే భోజనం జాబితా ఉంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంటి యజమాని పేరు కూడా ఉంది, లక్ష్మణవజ్ఝల. ఇన్ని పదార్థాలని లెక్కపెట్టిన పద్యం, వండిన చెయ్యి ఎవరిదో చెప్పదు.

‘కన్యాశుల్కం’కి వచ్చేసరికి ఆ చెయ్యి కనిపిస్తుంది. 1897లో అచ్చయి, 1909లో గురజాడ తిరగరాసిన ఆ నాటకంలో సొంత సంపాదన మీద బతికే స్త్రీలు ప్రధానంగా ఇద్దరు: మధురవాణి, పూటకూళ్ళమ్మ. మధురవాణికి పేరుంది. పూటకూళ్ళమ్మకి వృత్తే పేరు. సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకున్న గిరీశం, ఆ డబ్బుని మధురవాణి మీద ఖర్చుపెడతాడు. ఆమె చీపురు పట్టుకుని వస్తే మనం నవ్వుతాం. ఇన్నేళ్ళుగా ఆ సన్నివేశాన్ని హాస్యంగానే పాఠం చెప్పుకున్నాం. ఒంటరి విధవ పొయ్యిదగ్గర కూడబెట్టుకున్న పెట్టుబడి పోయిందన్న సంగతి మన విమర్శలో పెద్దగా చర్చకి రాలేదు.

ఆమె ఈ పనే ఎందుకు ఎంచుకుంది? మా వేమూరు వైపు నుంచి చూస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో ఆస్తంటే మాగాణే. వరి, దాని వెనక మినుము. ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన స్త్రీకి ఆ మాగాణిలో వాటా లేదు, మనోవర్తి ఒక్కటే. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చింది. వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. మద్రాసు రాష్ట్రంలో పొలానికి కూడా ఆ హక్కుని విస్తరించడానికి 1947లో మరో చట్టం కావాల్సి వచ్చింది. అప్పుడు కూడా జీవితకాలం అనుభవించే హక్కే దక్కింది. సంపూర్ణ హక్కు 1956లో గాని రాలేదు. పొలం దక్కని స్త్రీకి మిగిలినవి నాలుగు గిన్నెలు, చేతిలో ఉన్న రుచి. గోంగూర పచ్చడి, మజ్జిగపులుసు, దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు. ఇంట్లో జీతం లేని చాకిరీగా చేసినదాన్నే ఆమె పూటకింతని వెలకట్టి అమ్మింది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. విధవ ఎదురొస్తే అపశకునం అన్న సమాజమే ఆమె మడికట్టుకుని వండితే పవిత్రమంది. కోర్టు పనుల మీద తిరిగే బ్రాహ్మణ కక్షిదారుకి, పట్నంలో చదువుకునే కుర్రాడికి కులం చెడకుండా అన్నం కావాలి. ఆమె బతుకుతెరువుకి ఆధారం ఆ కులనియమమే. అందువల్ల ఆమెని స్వేచ్ఛకి ప్రతీకగా నిలబెట్టలేం. ఆ పంక్తిలో దళితులకి చోటు లేదు. ఆ వంటింటికి వడ్లు దంచి ఇచ్చిన స్త్రీలు, సంతల్లో అట్లుపోసి అమ్మిన స్త్రీలు నాటకంలో పాత్రలుగానైనా రాలేదు. పేరులేనితనంలో కూడా అంతరాలున్నాయి.

రైళ్ళొచ్చాయి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు వేమూరు మీదుగానే పోతుంది. ప్రయాణాలు పెరిగాక కాఫీ హోటళ్ళొచ్చాయి. వాటికి రోడ్డు మీద గది కావాలి, బల్లలు కావాలి, అప్పిచ్చేవాళ్ళు కావాలి. ఆస్తి లేని స్త్రీకి ఇవేవీ అందుబాటులో లేవు. వంట సొంత ఇంటి పొయ్యి నుంచి రోడ్డు మీదకొచ్చేసరికి బోర్డు మీద పేరు మగవాడిదయింది.

ఇవాళ పూటకూళ్ళు అన్నమాట మా ప్రాంతంలో దాదాపు వినపడదు. మెస్సు, కర్రీ పాయింట్ అంటున్నాం. బోర్డు మీద ‘ఇంటి భోజనం’ అని రాస్తారు. ఇంట్లో వండేదెవరో అందరికీ తెలుసు కాబట్టి పేరు రాయక్కర్లేదనుకుంటారు కాబోలు. ‘అమ్మ చేతి వంట’ అన్నమాట కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అమ్మ అనగానే అది ప్రేమవుతుంది, ప్రేమకి కూలి అడగకూడదు. పూటకూళ్ళమ్మ అడిగింది. ఆమెని నవ్వులపాలు చెయ్యడానికి అదొక కారణమని నా అభిప్రాయం.

మన పట్టణాల చరిత్రలు రాసేటప్పుడు బళ్ళు, ప్రెస్సులు, గ్రంథాలయాలు ఎవరు పెట్టారో రాస్తున్నాం. ఆ బళ్ళలో చదివిన కుర్రాళ్ళు ఎవరింట్లో, నెలకెంత ఇచ్చి తిన్నారో కూడా రాయాలి. ఆత్మకథల్లో, పాత పద్దుపుస్తకాల్లో, ఇంకా మన మధ్య ఉన్న పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఆ వివరాలు వెతకొచ్చు. వాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆవిడ ఏం వండేదని కాదు, ఆవిడ పేరేమిటని.