కొండచిలువ: ప్రజననము

అరకు, అనంతగిరి ప్రాంతములు మొదలుకొని తూర్పుకనుమల యడవులయందు నివసించు విషరహిత మహాసర్పము కొండచిలువ. ఇది శీతకాలమున జతకట్టును. వేసవిలో ఆడుది గుహయందో, చెట్టుతొఱ్ఱయందో, ముళ్లపంది బొరియయందో గ్రుడ్లు పెట్టును. తోలువంటి మెత్తని పెంకుతో తెల్లగా నుండి, కొలదిసేపటికే ఒండొంటి నంటుకొని కుప్పయగు నా గ్రుడ్లను తల్లి చుట్టలు చుట్టుకొని, శిరస్సును పైనుంచి, దాదాపు నిరాహారయై రెండుమాసములు కాపాడును. ఈ జాతి మహత్త్వమంతయు నిచ్చటనే యున్నది: చలి సోకినపుడు తల్లి తన కండరములను లయబద్ధముగ వణికించి, పరిసరములకంటె నధికమగు వేడిమిని పుట్టించి గ్రుడ్లను పొదుగును. శీతరక్తప్రాణి కిట్టి శక్తి కలదన్న మాటను తొలుత పండితులు శంకింపగా, 1841లో పారిస్ నగరమున జంతుశాస్త్రజ్ఞుడు వాలెన్సియెన్ ఉష్ణమాపకముతో దానిని నిరూపించెను.

ఆఫ్రికా ఖండపు బాల్ పైథాన్ ఈ కుటుంబములోనిదే. తొలిసారి దానిచే గ్రుడ్లు పెట్టించు పెంపకందారు ఆ స్వల్పసంఖ్యాకములగు గ్రుడ్లను 31-32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమున, తేమ తగ్గనీక, రమారమి 60 దినములు పొదిగింపవలెను. లోని పిండము పెంకు పైభాగము నంటియుండును గావున వానిని పొర్లింపరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణ ననుసరించి అట్టి విదేశజాతులను, వాని పిల్లలను నమోదు చేయింపవలెను.

మన కొండచిలువకు మాత్రము పెంపకమే నిషిద్ధము. 1972 నాటి ఆ చట్టము దానికి అత్యున్నత రక్షణ నొసంగినది. పోడుచేలలోగాని, కాఫీతోటలలోగాని గ్రుడ్లకుప్ప కనబడినచో కదలింపక, తల్లిని బెదరింపక, అటవీశాఖవారికి తెలుపవలెను.