కాచుకీ కేటెక్యుమెన్‌కీ చుట్టరికం ఎంత?

ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే కేటెచు, కేటెచిన్, కేటెకిజం, కేటెక్యుమెన్ అనే మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటి రెండూ చెట్ల వగరుకు సంబంధించినవి, తర్వాతి రెండూ క్రైస్తవానికి చెందినవి. రోమన్ లిపిలో మొదటి ఆరక్షరాలూ నాలుగింటికీ ఒకటే కాబట్టి అన్నీ ఒకే ఇంటివనిపిస్తుంది. నిజానికి మొదటి జంట మన తాంబూలంలోంచి వెళ్లింది. రెండోది గ్రీకు భాషది.

కేటెచు అంటే మన కాచు. చండ్ర చెట్టు చేవను ముక్కలుగా కొట్టి, నీళ్లలో బాగా మరిగించి, ఆ కషాయం చిక్కబడ్డాక ఆరబెడితే వచ్చే ఎర్రని ముద్ద అది. హిందీలో కత్థా, మరాఠీలో కాత్. ఈ పని చేసినందుకే మహారాష్ట్రలో ఒక గిరిజన తెగకు కాత్కరీలని పేరొచ్చింది. సంస్కృతంలో చండ్రను ఖదిర అంటారు. యజ్ఞంలో యూపస్తంభానికి ఈ కర్ర వాడేవారు. నవగ్రహ హోమంలో కుజుడికి ఇప్పటికీ చండ్ర సమిధలే వేస్తారు.

తెలుగు, తమిళ, కన్నడాల్లో ఉన్న ఈ కాచు మాటే మలయ్ భాషలో ‘కచు’ అయి, సముద్ర వర్తకంతో పడమటికి చేరింది. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చు వేసిన గ్రంథంలో ఈ సరుకు గురించి ఒక సంభాషణే రాశాడు. అయినా 17వ శతాబ్దపు ఐరోపా మందుల దుకాణాల్లో దాని పేరు ‘టెర్రా జపోనికా’, అంటే జపాను మన్ను. చెట్టు నుంచి వచ్చిన సరుకును మట్టి అనుకున్నారు, పుట్టిన దేశాన్నీ తప్పుగా పట్టుకున్నారు.

మొక్కలకు శాస్త్రనామాలు పెట్టిన లిన్నేయస్ కూడా తడబడ్డాడు. 1753లో ఆయన కేటెచు అన్న పేరును పోకచెట్టుకు పెట్టాడు. వక్కలను ఉడకబెట్టి తీసిన సారం కూడా ఇదే పేరుతో అమ్ముడయ్యేది కాబట్టి ఆ పొరపాటుకు కొంత ఆధారం లేకపోలేదు. ఆయన కొడుకు 1782లో అదే పేరును చండ్రకు ఇచ్చాడు. అలా ఆకులో కలిసే వక్కకూ కాచుకూ శాస్త్రనామంలోనూ పొత్తు కుదిరింది.

కాచులోనూ ఉన్న, తోళ్లను పదును చేసే వగరు పదార్థానికి టానిన్ అన్న పేరు 18వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. ఫ్రెంచిలో ‘తాన్’ అంటే పొడిచేసిన ఓక్ బెరడు. దాని వెనక ఓక్ చెట్టును చెప్పే ప్రాచీన కెల్టిక్ మాట ఉందని భాషావేత్తల అభిప్రాయం. అక్కడి తోళ్లకు ఓక్ ఎలాగో మన తోళ్లకు తంగేడు చెక్క అలాగ. 1803లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బొంబాయి, బెంగాల్ కాచులను పరీక్షించి వాటిలో టానిన్ పుష్కలంగా ఉందని తేల్చాడు. తర్వాత బర్మా కాచు ఓడలకెక్కింది. బ్రిటిష్ జాలరులు వలలు, తెరచాపలు కుళ్లకుండా కాచు నీళ్లలోనే ముంచేవారు.

రసాయనశాస్త్రం చేతిలో పడ్డాక కాచు పిల్లలు పెట్టింది. అందులోంచి తీసిన పదార్థం కేటెచిన్. గ్రీన్ టీకి వగరునిచ్చే కేటెచిన్లు ఆ కుటుంబానివే. 1839లో కేటెచిన్‌ను స్వేదనం చేయగా వచ్చినది కేటెకాల్. ఆ అణునిర్మాణం ఉన్నందుకే అడ్రినలిన్, డోపమైన్ లాంటి వాటిని కేటెకాలమైన్లు అంటున్నారు. భయమేస్తే గుండె దడదడలాడించే రసం పేరు వెనకా కాచే ఉందన్నమాట.

ఇక రెండో జంట. గ్రీకులో ‘కతేఖేయిన్’ అంటే చెవిలో మోగేలా నోటితో చెప్పి నేర్పడం. అందులో ఉన్నది శబ్దం అనే అర్థమిచ్చే ‘ఏఖే’. ప్రతిధ్వనిని చెప్పే ఎకో దీనికి దగ్గరి చుట్టం. అలా నేర్చుకుంటూ జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాడు కేటెక్యుమెన్. తొలి శతాబ్దాల్లో ఈ శిక్షణ మూడేళ్లదాకా సాగేదని క్రైస్తవ రచయిత హిప్పోలితుస్ పేరిట ఉన్న గ్రంథం చెబుతోంది. ఆరాధనలో వాళ్లు ప్రసంగం వరకే ఉండి, ప్రభు భోజనానికి ముందే బయటికి వెళ్లాలి. చెప్పే పాఠం కేటెకిజం, చెప్పేవాడు కేటెకిస్ట్. ఆయన్నే మన పల్లెల్లో ఉపదేశి అంటారు. మతసంస్కర్త లూథర్ 1529లో రాసిన చిన్న కేటెకిజాన్ని మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు చేశాడు. అది 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగులో తొలినాటి అచ్చు పుస్తకాల్లో అదొకటి.

మరి చెట్టుకీ కొత్త విశ్వాసికీ పొత్తే లేదా? ఉంది, మరో మాటలో. జ్ఞానస్నానం పొందిన కొత్తవాడు ‘నియోఫైట్’. గ్రీకులో దానర్థం కొత్తగా నాటినది. అలాంటివాడికి వెంటనే పెద్దరికం ఇవ్వొద్దని, గర్వం తలకెక్కుతుందని తిమోతికి రాసిన మొదటి పత్రిక హెచ్చరిస్తుంది. ఈ మాట శతాబ్దాల పాటు చర్చిలో తిరిగి మళ్లీ మొక్కల దగ్గరికే వచ్చింది. 1492 తర్వాత మనుషుల వెంట కొత్త నేలకు చేరి అక్కడ పాతుకుపోయిన మొక్కలను ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు నియోఫైట్లనే పిలుస్తున్నారు.