మూత్రపిండ మార్పిడి, అవయవదానం: సరిహద్దు కుటుంబాలు తెలుసుకొనవలసిన విషయాలు

మూత్రపిండాలు రెండూ పూర్తిగా చెడిపోయిన రోగికి మిగిలే మార్గాలు రెండే. ఒకటి జీవితాంతం డయాలిసిస్, రెండవది మార్పిడి శస్త్రచికిత్స. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని తెలుగు కుటుంబాల వారికి ఆసుపత్రిలో ఈ మాటలు తమిళంలోనే వినబడతాయి. మూత్రపిండాన్ని ‘సిఱునీరగం’ అనియు, అవయవదానాన్ని ‘ఉఱుప్పు దానం’ అనియు, మెదడు మరణాన్ని ‘మూళైచ్చావు’ అనియు అంటారు. బడిలో తమిళం చదివిన పిల్లలకు ఇవి తెలుసు. సంతకం చేయవలసిన పెద్దలకు మాత్రం తెలియవు. అందువలననే ఈ వ్యాసం.

ప్రపంచంలో మొట్టమొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కవల సోదరుల మధ్య జరిగింది. మన దేశంలో ఆ విజయం మనకు దూరం కాని వేలూరులోనే లభించింది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1971లో ఈ చికిత్స సఫలమైంది. కొత్త మూత్రపిండాన్ని పాతదాని స్థానంలో పెడతారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పాతవాటిని సాధారణంగా అలాగే వదలి, కొత్తదానిని పొత్తికడుపులో ఒక ప్రక్కన అమర్చుతారు.

ఫలితాల మాటకు వస్తే, అనుభవం గల ఆసుపత్రులలో జీవించియున్న దాత ఇచ్చిన మూత్రపిండాలు ఏడాది తరువాత నూటికి తొంభైకి పైగా చక్కగా పనిచేస్తూ ఉంటాయి. మరణించిన దాత నుండి వచ్చినవాటి విషయంలో ఈ లెక్క కొంత తక్కువ. పది, పదిహేనేళ్ళు పనిచేయడం సాధారణమే. అంతకు మించి పనిచేసినవీ ఉన్నాయి. అయితే మార్పిడితో రోగం తీరిపోయిందని తలచరాదు. శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులను జీవితాంతం, వేళ తప్పకుండా వాడాలి. ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కనుక, ముఖ్యంగా మొదటి ఆరు నెలలలో, క్షయ మొదలైన అంటువ్యాధుల భయం ఎక్కువ. మార్పిడి విఫలం కావడానికి గల కారణాలలో మందులు మానివేయడం ముఖ్యమైనది. ‘ఒళ్ళు బాగుంది కదా, ఇంకా మాత్రలెందుకు’ అని మానినవారు కొందరు, ఖర్చు భరించలేక మానినవారు కొందరు. పసరు మందులు, కషాయాలు వైద్యునికి చెప్పకుండా తీసుకొనడం కూడా ప్రమాదకరం. అవి రక్తంలో మందు మోతాదును తలక్రిందులు చేయగలవు.

ఇక మూత్రపిండం ఇచ్చేదెవరు? 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువులు. 2011 సవరణ అవ్వతాతలను, మనుమలు మనుమరాండ్రను కూడా చేర్చింది. మేనమామ, మేనత్త, వదిన, మరిది ఈ జాబితాలో లేరు. మన సీమలో మేనరికపు బంధుత్వమే ఎంతో దగ్గరిది కావచ్చు గాని, చట్టం దృష్టిలో వారు ఇతరులు. ఆసుపత్రిలో వారిని విచారించి అనుమతి ఇవ్వవలసింది అధికార కమిటీ. రక్తవర్గం కలవని రెండు కుటుంబాలు దాతలను పరస్పరం మార్చుకొనడానికి కూడా 2011 సవరణ వీలు కల్పించింది.

ఆరోగ్యవంతుడైన దాత మిగిలిన ఒక్క మూత్రపిండంతో మామూలుగానే జీవించగలడు. అది కొంత పెరిగి అధికభారం మోస్తుంది. అయినను రక్తపోటు, మూత్రపరీక్షలు ఏటేటా చేయించుకొనవలసిందే. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన దేశంలో బ్రతికియుండి ఇచ్చేవారిలో స్త్రీలు ఎక్కువ, పుచ్చుకొనేవారిలో పురుషులు చాలా ఎక్కువ. ‘ఇల్లు నడిపేవాడు అతడే కదా’ అన్న మాటతో తల్లి, భార్య ముందుకు వస్తారు. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నదా లేదా అని ఆమెను ఒంటరిగా అడిగే బాధ్యత ఆసుపత్రిదే కాదు, ఇంటివారిది కూడాను.

ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. చెన్నైలోని విల్లివాక్కం ఒకప్పుడు మూత్రపిండాలు అమ్మే పేట అని పేరుపడింది. చెన్నైలో అమ్ముకొన్న 305 మందిని విచారించిన ఒక అధ్యయనం 2002లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో వెలువడింది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. వారిలో నూటికి 74 మందికి విచారణ నాటికి కూడా అప్పు అలాగే ఉంది. కుటుంబ ఆదాయం సగటున మూడవ వంతు తగ్గింది. నూటికి 86 మంది ఆరోగ్యం దిగజారిందని చెప్పారు. అది పాత కథ అనుకొనడానికి వీలు లేదు. 2025లో నామక్కల్ జిల్లా పళ్ళిపాళయంలో అప్పులపాలైన మరమగ్గాల కార్మికుల మూత్రపిండాలను దళారులు అమ్మించారన్న ఆరోపణలు రాగా, మద్రాసు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. అమ్మకం, కొనుగోలు, దళారీతనం అన్నీ నేరాలే. అయిదు నుండి పదేళ్ళ జైలు, ఇరవై లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

స్త్రీల మీద, పేదల మీద ఇంత భారం పడటానికి కారణం మరణించినవారి నుండి వచ్చే దానం తక్కువ కావడమే. 2023లో దేశమంతటా 13,426 మూత్రపిండ మార్పిడులు జరుగగా, మరణానంతర దాతలు 1,099 మంది మాత్రమే. ఈ విషయంలో తమిళనాడు ముందున్నది. 2008 సెప్టెంబరులో ప్రమాదంలో మెదడు మరణించిన తమ కుమారుని అవయవాలను తిరుక్కళుకుండ్రం వైద్య దంపతులు దానం చేయగా, ఆ బాలుని గుండె బెంగళూరు బాలికకు అమర్చబడింది. ఆ సంఘటన రాష్ట్రాన్ని కదిలించింది. 2023 సెప్టెంబరు నుండి దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతున్నాయి.

మన జిల్లాకు ఇది దూరపు విషయం కాదు. తొప్పూరు కనుమలో లారీ ప్రమాదాలు ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు. తలకు గాయమైనవారిలో కొందరికి మెదడు శాశ్వతంగా మరణిస్తుంది. వెంటిలేటరు నడుస్తున్నంతసేపు గుండె కొట్టుకొంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. ‘ఇంకా ప్రాణముంది కదా’ అని ఇంటివారు అనుకొనడం సహజమే. కాని ఇది కోమా కాదు. కోమా నుండి తిరిగి రావచ్చు, మెదడు మరణం నుండి రాలేరు. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధితో రెండు పర్యాయాలు పరీక్షించి ధ్రువీకరించాలి.

అవయవం తీస్తే మరుజన్మలో అంగహీనులుగా పుడతారన్న భయం మన పల్లెలలో ఉన్నది. శవాన్ని కోయడం ఇష్టం లేదనేవారు ఇంకా ఎక్కువ. అయితే ప్రమాద మరణానికి శవపరీక్ష ఎటూ జరుగుతుంది, అప్పుడు కోత తప్పదు. అవయవాలు తీసిన తరువాత కుట్లు వేసి దేహాన్ని అప్పగిస్తారు, ఆచారం ప్రకారం ఖననమో దహనమో చేసుకొనవచ్చు. దాన ప్రక్రియకు అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడరాదని నిబంధన ఉన్నది.

మార్పిడి కొరకు పేరు నమోదు చేసుకొనేవారికి ఒక మాట. కుప్పం వారు తమిళనాడులోనో, హోసూరు వారు బెంగళూరులోనో నమోదు కావచ్చునా అని అడుగుతుంటారు. స్థానికత షరతును, 65 ఏళ్ళ వయోపరిమితిని తొలగించాలని 2023లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. అయినను రాష్ట్రాల ప్రాధాన్య క్రమాలు వేరువేరు కనుక ముందే విచారించుకొనాలి. ప్రభుత్వ వైద్యబీమా పథకం మాత్రం నివాస రాష్ట్రాన్ని బట్టి వర్తిస్తుంది. తమిళనాడు వారికి ముఖ్యమంత్రి సమగ్ర బీమా, ఆంధ్రప్రదేశ్ వారికి ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి.

దాతగా ఆధార్‌తో జాతీయ అవయవ మార్పిడి సంస్థ వెబ్‌సైటులో ప్రతిజ్ఞ చేయవచ్చు, ఉచిత ఫోను 1800-11-4770. అయితే ప్రతిజ్ఞ పత్రం ఉన్నా, ఆ గడియలో సంతకం చేయవలసింది ఇంటివారే. కనుక ఈ మాట ముందే ఇంట్లో, తెలుగులో చెప్పి ఉంచాలి. తమిళ పత్రాన్ని చదివి వినిపించమని అడిగే హక్కు మీకున్నది, అర్థమయ్యేవరకు సంతకం చేయకండి.