ట్రంకుపెట్టె, మనోవర్తి, ఒక దయ్యం ఆట

పోయిన దసరాకి బాగేపల్లి ఇంట్లో పిల్లలకి ఒక ఆట ఆడిస్తానని మాటిచ్చినాను. పిల్లలంటే చిన్నపిల్లలు కాదు, డిగ్రీ, ఇంజనీరింగు చదివేవాళ్ళు. ఫోన్లు పక్కన పెట్టి, బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ మాటలతోనే నడిపే ఆట ఇది. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "తలుపు తోస్తాను" అని ఒకడు అంటే పాచిక వేసి, తెరుచుకుందా లేదా తేల్చాలి. ఈ రకం ఆటలు 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైనాయి. నాకిష్టమైంది 1981లో శాండీ పీటర్సన్ చేసిన కాల్ ఆఫ్ కథూలు. భయం కథల ఆట, ఎక్కువగా 1920ల కాలంలో నడుస్తుంది. ఇందులో ఒంటి బలానికే కాదు, మతికి కూడా పాయింట్లు ఉంటాయి. చూడకూడనివి చూసేకొద్దీ అవి తగ్గిపోతుంటాయి.

ఇట్లాంటి ఆట మొదలుపెట్టడానికి ఒక పాత దారి ఉంది. ఎవరో దూరపు చుట్టం చచ్చిపోతాడు. ఆయన ఆస్తి మీకు వస్తుంది. ఆ ఆస్తిలో ఏదో ఉంటుంది. ఈ ఆటకి పేరిచ్చిన లవ్‌క్రాఫ్ట్ కథ 1928 ఫిబ్రవరి వియర్డ్ టేల్స్ పత్రికలో వచ్చింది. అది కూడా ఇట్లే మొదలవుతుంది. చిన్నతాత వరుసయ్యే ఒక ప్రొఫెసరు పోతే, ఆయన కాగితాల పెట్టె తెరుస్తాడు కథ చెప్పేవాడు. తెరవకుండా ఉంటే బాగుండేది.

నేను మాత్రం అమెరికా వద్దనుకున్నాను. కాలం 1936, చోటు మైసూరు సంస్థానం, కోలారు జిల్లా, బాగేపల్లి తాలూకా. (మన చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కదా పుట్టింది.) వారసుడు బెంగళూరులో చదువుకున్నవాడు. చిక్కబళ్ళాపురం దాకా చిన్న రైలు, ఆపైన రోడ్డు. అంతవరకు బాగానే కుదిరింది. మొదటి సీనుకి వచ్చేసరికి చిక్కు. సాఫ్ట్‌వేర్ టెస్టింగు నా ఉద్యోగం కాబట్టి తప్పు నాకే ముందు కనబడింది: అప్పటి మన ఇళ్ళల్లో ఆస్తి అట్ల రాదు.

లాయరు దగ్గర నుంచి జాబు, వీలునామా, ఎవరికీ తెలియని మేనమామ, ఇదంతా వేరే దేశం సంగతి. మన ఉమ్మడి కుటుంబాలకి చట్టం మితాక్షరం. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణంలో, అంటే ఇప్పటి బసవకల్యాణంలో, చాళుక్యుల కాలంవాడు. తర్వాత 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం అని తెలుగులోకి తెచ్చినాడు. ఆ లెక్కలో కొడుకుకి పుట్టుకతోనే భాగం ఉంటుంది. అన్నదమ్ముల్లో ఒకడు మగబిడ్డ లేకుండా పోతే వాడి భాగం మిగిలినవాళ్ళలో కలిసిపోతుంది. జాబు రాదు, పెట్టె రాదు. ఒకటి మాత్రం తప్పకుండా వస్తుంది: నాయన చేసిన అప్పు. తప్పుడు పనులకి చేసింది కాకపోతే, తీర్చడం కొడుకు ధర్మం అన్నారు. భయం కథకి ఇంతకంటే మంచి మొదలు ఉంటుందా అని కాసేపు అనుకున్నాను కూడా.

ఆటలో చేతికివ్వడానికి పాత కాగితాలు కావాలని మన అటక మీది ట్రంకుపెట్టె దించినాను. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక సొంతంగా నేర్చుకున్నవి. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే కాబట్టి సగం చదవొస్తుంది, మిగతా సగం ఊహించుకోవడమే. తలకట్టు ఒకదాంట్లో టిక్కు మాదిరి, ఇంకోదాంట్లో గీత మాదిరి. చేతిరాత గొలుసుకట్టు అయితే ఇక చెప్పక్కరలేదు. కోలారు జిల్లాలో చాలా ఇళ్ళది ఇదే కథ. కాగితం తెలుగులో ఉంటుంది, మనవడి బడి కన్నడలో.

1931 నాటి ఛాపా కాగితం ఒకటి దొరికింది. ముగ్గురన్నదమ్ముల్లో నడిపాయన పోయినాడు, పిల్లల్లేరు. ఆయన భార్య పేరు దగ్గర "మనోవర్తి" అనే మాట మూడుసార్లు ఉంది. కన్నడలో మనోవృత్తి అంటే మనసు తీరు కదా. ఓహో, ఈమెకి మతి సరిగ్గా లేదు, అందుకే వెనక గది ఇచ్చినారు అని నేనే అర్థం చేసుకున్నాను. ఆటకి దయ్యం దొరికింది! వెనక గదిలో మతి తప్పిన చిన్నవ్వ. రెండు రాత్రులు కూర్చుని రాసినాను. గది తలుపు లోపలి గీతలు కూడా వర్ణించినాను.

పెద్దత్తకి చదివి వినిపిస్తే ముందు నవ్వింది, తర్వాత నవ్వలేదు.

"ఎవురికిరా మతి తప్పింది? మనోవర్తంటే కూటికి, గుడ్డకి ఇచ్చేది. మొగుడు పోయిన ఆడదానికి ఇంకేమి ఇస్తా ఉండిరి అప్పుడు?"

మళ్ళీ చదివినాను. ఏడాదికి మూడు పల్లాల రాగులు, రెండు చీరలు, ఉండడానికి వెనక గది. అంతే. దయ్యం లేదు. కన్నడలో జీవనాంశం అని రాసుంటే నాకు మొదటిసారే అర్థమయ్యేది.

అక్కడ నుంచి ఆట పక్కన పడిపోయింది. ఎందుకంటే అదే పెట్టెలో 1936 పారీఖత్తు ఉంది. మిగిలిన ఇద్దరన్నదమ్ములు పన్నెండెకరాలు చెరి ఆరు పంచుకున్నారు. మనమందరం ఆ ఇద్దరి సంతానమే. ఈ రెండు కాగితాల నడుమ మైసూరులో ఒక చట్టం వచ్చింది, 1933లో, హిందూ స్త్రీల హక్కుల చట్టం. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు తల్లికి, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకి, మగబిడ్డ లేకుండా పోయిన అన్నదమ్ముల భార్యలకి కూడా వంతు ఇవ్వాలి. అట్లాంటి భార్యకి, భర్త బతికి ఉంటే వచ్చే దాంట్లో సగం. లెక్క వేయండి. ముగ్గురుంటే తలా నాలుగెకరాలు, అందులో సగం రెండెకరాలు. పారీఖత్తులో ఆమె పేరే లేదు.

బ్రిటిషు ఇండియాలో విధవలకి ఇట్లాంటి హక్కు 1937లో వచ్చింది. ఆమె పుట్టిల్లు హిందూపురం వైపు, అంటే అప్పటి మద్రాసు రాజధాని. అక్కడ 1937 చట్టం సేద్యపు భూములకి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1956 తర్వాత ఇవన్నీ మారినాయి, అది వేరే సంగతి. గట్టుకి ఇటువైపు మైసూరులో కాగితం మీద ఆమెకి మేలైన చట్టమే ఉండింది. ఆ మాట ఆమెకి ఎవరైనా చెప్పినారా? పెద్దత్త ఒకటే చెప్పింది: "ఆయమ్మ పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు అంటా ఉండ్రి." డబ్బేమైనా ఇచ్చినారేమో, పెట్టెలో రసీదు మాత్రం లేదు.

ఆట ఆడినాము. వెనక గది కథ చింపేసి, ఆమెనే వారసురాలిని చేసినాను. పెట్టె తెరిచేది ఆమె. మరి భయానికి ఏమి చేయాలి? చింతామణి తాలూకా కైవారం ఉంది కదా. మనవాళ్ళు దాన్నే ఏకచక్రపురం అంటారు. బకాసురుడికి ఇంటికొకరు చొప్పున, బండెడు అన్నం, రెండు దున్నలతో పోవాల్సిన ఊరు. దాన్ని కూడా వంతే అంటాము. కన్నడలో నేను భూమికి పాలు అంటాను, అట్ల పోవడానికి సరది అంటాను. తెలుగులో రెంటికీ ఒకటే మాట. పారీఖత్తు చివర "ఈమె వంతు" అని రాసి, ఆ తర్వాత చిరిగిన కాగితం చేసి పిల్లల చేతికిచ్చినాను. అందరూ పొలం అనుకున్నారు. అర్ధరాత్రి దున్నలు కట్టిన బండి వాకిట్లో నిలిచినప్పుడు ఒకడి పాచిక చేతిలోనే ఆగిపోయింది. (కైవారం తాతయ్య కాలజ్ఞానం ఆటలో పెట్టు అని ఒకడు సతాయించినాడు. ఆయన తత్వాలు మన ఇంట్లో ఇంకా పాడుకుంటారు, నేను పెట్టలేదు.)

ఆట అయినాక చిన్నది ఒకతి అడిగింది, "ఆ రెండెకరాలు ఇప్పుడు ఏ సర్వే నంబరులో ఉందన్నా?" సగం అమ్మేసినాము, సగం మన చింత తోపు పక్కది. పటం చూపించినాను.

హిందూపురం, లేపాక్షి వైపు మన చుట్టాలు ఎవరైనా ఇది చదువుతుంటే, 1936 ప్రాంతంలో బాగేపల్లి నుంచి పుట్టింటికి తిరిగొచ్చిన ఒక అవ్వ గురించి మీ ఇంట్లో ఏమైనా చెప్పుకుంటారా అని పెద్దవాళ్ళని అడగండి. ఆమె పేరు, పుట్టిన ఊరి పేరు 1931 కాగితంలో ఉన్నాయి. ఫోను చేస్తే చదివి వినిపిస్తాను.