కొత్త ఇల్లా, పాత వీధా: ఫార్మింగ్టన్ హిల్స్‌లో అల్ప కర్బన నివాసాల రూపకల్పన

ఫార్మింగ్టన్ హిల్స్‌లో అల్ప కర్బన నివాస సముదాయం కావాలంటే ఖాళీ స్థలం వెతకనక్కర్లేదు. కట్టవలసిన ఇళ్లు చాలావరకు ఎప్పుడో కట్టేశారు. మిషిగన్ రాష్ట్రం ఓక్లాండ్ కౌంటీలో, డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఈ ఊరు 1973లో నగర హోదా పొందింది. 2020 జనగణనలో జనాభా 83,986. దక్షిణాన ఎయిట్ మైల్ రోడ్డు నుంచి ఉత్తరాన ఫోర్టీన్ మైల్ రోడ్డు దాకా మైలుకో పెద్ద రోడ్డు, ఆ రోడ్ల మధ్య గడుల్లో సబ్‌డివిజన్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో లేచిన ఈ ఇళ్లలో పెద్ద భాగానికి బేస్‌మెంటు, అందులో గ్యాస్ ఫర్నెస్, ముందు రెండు కార్ల గరాజ్ ఉంటాయి. సాఫ్ట్‌వేర్, కార్ల పరిశ్రమల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు వీటిలో చాలా ఉన్నాయి. సుస్థిర నివాసం అనగానే మనకు గుర్తొచ్చేది కొత్తగా కట్టే 'గ్రీన్' కాలనీ. ఈ ఊరి విషయంలో ఆ దృష్టి సరిపోదని, రూపకల్పనకు ప్రమాణం ఇల్లు కాదు, వీధి కావాలని ఈ వ్యాసం వాదన.

ముందు లెక్క చూద్దాం. మిషిగన్‌లో ప్రతి నాలుగిళ్లలో సుమారు మూడు చలికాలంలో సహజవాయువుతోనే వెచ్చబడతాయి. గ్యాస్ బిల్లులో కొలమానమైన థర్మ్ లెక్కన, ఒక థర్మ్ గ్యాస్ కాలిస్తే 5.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇల్లు వెచ్చబెట్టడానికి ఏడాదికి 1000 థర్ములు కాల్చే పాత ఇంటిని ఊహించుకుంటే 5.3 టన్నులు. ఆ ఇంటి ఫర్నెస్ సామర్థ్యం 80 శాతం అనుకుందాం. అంటే ఇంటికి అందే వేడి దాదాపు 23,400 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). ఫర్నెస్ తీసేసి, సగటున ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర యూనిట్ల వేడినిచ్చే హీట్ పంప్ పెడితే 9,400 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్‌కు అర కిలో చొప్పున ఉద్గారం వేస్తే 4.7 టన్నులు. అంత ఖర్చు పెట్టి ఆదా చేసింది 0.6 టన్ను! అదే ఇంటికి ముందు గాలి సందులు మూసి, అటకమీద ఇన్సులేషన్ పెంచి, వేడి అవసరాన్ని 40 శాతం తగ్గించాక హీట్ పంప్ పెడితే 5,600 యూనిట్లు, 2.8 టన్నులు. సగానికి సగం తగ్గినట్టే. మిగతాది కరెంటు తయారీ మారేకొద్దీ తగ్గుతుంది. 2040 నాటికి విద్యుత్తు నూటికి నూరు శాతం స్వచ్ఛ వనరుల నుంచి రావాలని మిషిగన్ 2023 నవంబరులో చట్టం చేసింది. కాబట్టి ఈరోజు బిగించిన హీట్ పంప్ ఏటేటా మరింత శుభ్రపడుతుంది. గ్యాస్ ఫర్నెస్‌కు ఆ అవకాశం లేదు.

ఇప్పుడు ఇదే లెక్కలోకి కారును తీసుకురావాలి. సగటు పెట్రోలు కారు మైలుకు సుమారు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాత ఇల్లు అమ్మి, పది మైళ్ల అవతల కొత్త, పెద్ద, ఇన్సులేషన్ బాగా ఉన్న ఇంటికి మారిన దంపతులిద్దరూ చెరో కారులో ఏడాదిలో 230 రోజులు ఆఫీసుకు వెళ్లొస్తే అదనంగా 3.7 టన్నులు. పాత ఇంటిని బాగుచేసుకుంటే మిగిలేది రెండున్నర టన్నులు. అంటే ఇంటి గోడల్లో మిగుల్చుకున్నదంతా రోడ్డుమీద పోగా ఇంకా టన్నుకు పైగా అప్పు. కొత్త ఇంటి పునాదిలో పోసిన కాంక్రీటు, దానికి వాడిన ఉక్కు, సిమెంటు తయారీలో అప్పటికే వెలువడిన కర్బనం దీనికి అదనం. మిషిగన్‌లో మంచు లోతు కారణంగా పునాది 42 అంగుళాల కిందికి దిగాలి కనుక ఆ కాంక్రీటు తక్కువేమీ కాదు. ఎలక్ట్రిక్ కారు ఈ తేడాను బాగా తగ్గిస్తుంది, నిజమే. కాని దూరాన్ని తగ్గించదు, దూరం అడిగే రోడ్లను, పార్కింగ్ స్థలాలను అసలే తగ్గించదు.

ఇంటి శక్తి వాడకాన్ని చదరపు అడుగు చొప్పున కొలిచే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో తొలి పాసివ్ హౌస్ కట్టినప్పటి నుంచి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్ల వేడి మించరాదన్నది గొప్ప ప్రమాణంగా నిలిచింది. సాంకేతికంగా అది అద్భుతం. కాని 4,000 చదరపు అడుగుల్లో ముగ్గురు ఉండే ఇల్లు ఆ పరీక్ష నెగ్గి, 1,800 చదరపు అడుగుల్లో ఆరుగురు ఉండే పాత ఇల్లు తప్పితే, మనిషికి ఎంత అన్న ప్రశ్న ఎక్కడికి పోయింది? గోదావరి జిల్లాల మండువా లోగిలి గురించి మన పరిశోధకులు గాలీ వెలుతురూ కోణంలోనే ఎక్కువ రాశారు. నడుమ ఆకాశానికి తెరిచిన ఆ మండువా మిషిగన్ జనవరిలో పనికిరాదు. మూడు తరాలు ఒకే కప్పు కింద సర్దుకోవడమనే దాని రెండో గుణం మాత్రం ఏ వాతావరణంలోనైనా కర్బనం తగ్గిస్తుంది.

పాత ఇంటి మరమ్మతులో ఏ పని ముందు, ఏది వెనుక అన్నది అన్నిటికన్నా ముఖ్యం. తెలుగు వంటిల్లు దీన్ని మరింత సూక్ష్మం చేస్తుంది. ఎండుమిర్చితో తిరగమోత వేస్తే ఇల్లంతా కోరు ఆడుతుంది, పొగ అలారం మోగుతుంది. అందుకే చాలామంది గరాజ్‌లో మరో పొయ్యి పెట్టుకుంటారు, లేదా బలమైన చిమ్నీ బిగించుకుంటారు. ఇల్లు సందులతో వదులుగా ఉన్నంతకాలం చిమ్నీ లాగిన గాలికి బదులు ఎక్కడో ఒకచోట నుంచి గాలి వస్తూనే ఉంటుంది. సందులన్నీ మూశాక ఆ గాలి ఎక్కడినుంచి రావాలి? బేస్‌మెంటులో పాత తరహా గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, దాని పొగగొట్టం గుండా వెనక్కి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌తో సహా. ఇది ప్రాణాంతకం. నిమిషానికి 400 ఘనపుటడుగులు మించి లాగే చిమ్నీ పెడితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా నివాస భవనాల నియమావళి అడుగుతున్నది ఇందుకే. కనుక మన ఇళ్లకు వరుస ఇలా ఉండాలి. తొలుత బ్లోయర్ డోర్ పరీక్షతో, అంటే తలుపులో ఫ్యాన్ బిగించి గాలి లాగి, ఇంట్లో గాలి ఎక్కడెక్కడ కారుతోందో చూడాలి. వాటర్ హీటర్‌ను హీట్ పంప్ రకానికి మార్చి, గ్యాస్ పొయ్యి స్థానంలో ఇండక్షన్ పెట్టాలి. సందులు మూయడం ఆ తర్వాతే. అదే విడతలో, బయటికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే వెంటిలేటర్ బిగించాలి. హీట్ పంప్ చివరికి. అప్పుడైతే చిన్నది సరిపోతుంది. సందులంటే కిటికీలని అనుకుంటారు. బేస్‌మెంటు గోడమీద చెక్క దూలాలు ఆనేచోట, బయటి అంచు పొడవునా ఉండే పలక దగ్గర జనవరిలో చేయి పెట్టి చూడండి. చల్లగాలి సన్నగా తగులుతుంది. అటకమీదికి ఎక్కే మూత అంచులదీ అదే పరిస్థితి. కిటికీలు మార్చే ఖర్చుతో పోలిస్తే ఈ రెండూ మూయడం చాలా చవక.

ఇక వీధి సంగతి. ఇక్కడికి సుమారు 30 మైళ్ల దూరంలోని యాన్ ఆర్బర్‌లో మనకు కావలసిన రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి. మొదటిది వెరిడియన్. ఒకప్పుడు అక్కడి కౌంటీ బాలనేరస్థుల నిర్బంధ కేంద్రం ఉన్న స్థలంలో, కౌంటీ ఫార్మ్ పార్కు పక్కన, గ్యాస్ లైనే లేకుండా సౌరఫలకాలతో కట్టిన ఇళ్ల సముదాయం అది. అవలాన్ హౌసింగ్ అనే లాభాపేక్షలేని సంస్థ అక్కడే తక్కువ ఆదాయాలవారికి 50 ఇళ్లు నిర్మించింది. చూడముచ్చటైన పని. అయితే ఫార్మింగ్టన్ హిల్స్ ఎక్కువగా నేర్చుకోవలసింది రెండో ఉదాహరణ నుంచి. అదే ఊరి దక్షిణాన ఉన్న బ్రయంట్ పేట 1970 ప్రాంతంలో కట్టిన 260 దాకా మామూలు ఇళ్ల సముదాయం. 2030 నాటికి కర్బన తటస్థత సాధించాలన్న 2020 నాటి యాన్ ఆర్బర్ నగర ప్రణాళికలో భాగంగా, ఆ ఇళ్లను కూల్చకుండా, ఉన్నవారిని కదిలించకుండా మార్చాలన్నది అక్కడి ప్రయత్నం. పేట మొత్తానికి ఉమ్మడి భూతాప వ్యవస్థ కూడా ఆలోచనలో ఉంది. నేల లోతుల్లో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత పెద్దగా మారదు. అక్కడికి గొట్టాలు దింపి ఇళ్లన్నిటికీ కలిపితే ఒక్కో ఇంటి హీట్ పంప్ పని తేలికవుతుంది. మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్‌లో గ్యాస్ సరఫరా సంస్థే ఇలాంటి వలయాన్ని వేసి 2024 నుంచి నడిపిస్తోంది.

ఉమ్మడి వ్యవస్థకు ఉమ్మడి బాధ్యత కూడా కావాలి. కెనడాలోని ఒకోటోక్స్‌లో డ్రేక్ లాండింగ్ సముదాయం 52 ఇళ్లతో 2007లో మొదలైంది. వేసవి ఎండ వేడిని భూమిలో దాచి చలికాలంలో తిరిగి తీసుకునే ఆ ఇళ్లు 2015-16 చలికాలంలో పూర్తిగా సౌరశక్తితోనే వెచ్చబడ్డాయి. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంది. అయినా పరికరాలు పాతబడి, విడిభాగాలూ మరమ్మతులూ భారమై 2024లో ఆ వ్యవస్థకు స్వస్తి పలికారు. ఇరవయ్యేళ్ల తర్వాత పంపు మార్చే డబ్బు ఎవరిస్తారన్నది రూపకల్పనలో భాగమే.

మన సబ్‌డివిజన్లలో ఆ బాధ్యత మోయగల వ్యవస్థ ఇప్పటికే ఒకటుంది. అదే హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం. ఇన్నాళ్లూ చాలా సంఘాల నియమావళి అడ్డుగోడగానే పనిచేసింది. ముందువైపు కప్పుమీద సౌరఫలకాలు కనబడకూడదు, పెరట్లో బట్టల దండెం కట్టకూడదు. 2024 జులైలో గవర్నర్ గ్రెచెన్ విట్మర్ సంతకం చేయగా 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన మిషిగన్ చట్టం ఈ నిషేధాలను చెల్లనివ్వదు. సౌరఫలకాలు, హీట్ పంపులు, ఇన్సులేషన్, వాననీటి పీపాలు, ఎలక్ట్రిక్ కారు ఛార్జర్లు, చివరికి దండెం కూడా ఆ చట్టం రక్షణలో ఉన్నాయి. ఉమ్మడి కప్పులకు, ఉమ్మడి స్థలాలకు ఆ రక్షణ వర్తించదు. అందువల్ల గోడలు కలిసిన కాండోల్లో ఉండేవారు సంఘం నిర్ణయంతోనే ముందుకు పోవాలి. సొంత ఇంటికి బిగించుకునే సౌర, భూతాప పరికరాల మీద ఉన్న 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఒంటరిగా కొనేవారికి ఖర్చు పెరిగిందనే దీని అర్థం. ఇరవై ఇళ్లు కలిసి ఒకే కాంట్రాక్టరుతో బేరమాడితే దక్కే తగ్గింపు ఇప్పుడు ఇంకా అవసరం.

ఈ చర్చలో పెద్దగా వినబడని మరో కొలమానాన్ని ప్రతిపాదిస్తాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు కారు లేకుండా తమంతట తాము ఎక్కడికి వెళ్లగలరు? పాత సబ్‌డివిజన్లలో చాలాచోట్ల కాలిబాటలే లేవు, ఉన్నవి పెద్ద రోడ్డు దగ్గర ఆగిపోతాయి. కూరగాయల కొట్టు మైలు దూరంలోనే ఉన్నా, ఐదు లైన్ల రోడ్డు దాటడం వారివల్ల కాదు. పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప గత్యంతరం లేదు. ఈ బాధకు, కర్బన ఉద్గారాలకు మూలం ఒకటే. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో డెట్రాయిట్ నుంచి ఫార్మింగ్టన్‌కు కరెంటు రైళ్లు నడిచేవి. గ్రాండ్ రివర్, ఆర్చర్డ్ లేక్ రోడ్లు కలిసే తావున వాటికి విద్యుత్ కేంద్రం కూడా ఉండేది. ఆ పట్టాలు తిరిగి రాకపోవచ్చు. కాని 2022 నవంబరులో ఓక్లాండ్ కౌంటీ ఓటర్లు కౌంటీ అంతటికీ బస్సు పన్ను ఆమోదించారు. అప్పటిదాకా బస్సు వ్యవస్థకు బయట ఉన్న నోవై లాంటి ఊళ్లు కూడా ఇప్పుడు లోపలికి వచ్చాయి. బస్టాపు దాకా మంచు ఎత్తిన కాలిబాట, దాటడానికి రోడ్డు మధ్యలో ఆగే చోటు, పెద్ద రోడ్ల కూడళ్ల దగ్గర ఇళ్లూ కొట్లూ కలిసిన రెండు మూడంతస్తుల భవనాలు ఉంటే కర్బనం లెక్కలో సౌరఫలకంతో సమానంగా నిలుస్తాయి.

నోవై దారిలోని బోష్, నిస్సాన్ కార్యాలయాల్లో కార్ల బ్యాటరీలను చలిలో వెచ్చగా ఉంచే విద్య తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు. అదే ఉష్ణశాస్త్రం వారి వీధికీ వర్తిస్తుంది. ఒక సబ్‌డివిజన్‌కు చేయవలసిన తొలి రూపకల్పన పత్రం బొమ్మ కాదు, పట్టీ. ప్రతి ఇంటి ఫర్నెస్ వయసు, వాటర్ హీటర్ రకం, కప్పు షింగిల్స్ ఎప్పుడు వేశారు, కరెంటు ప్యానెల్ సామర్థ్యం, ఎందరు ఉంటున్నారు, కాలిబాట ఎక్కడ తెగింది. ఫర్నెస్ పదిహేను ఇరవై ఏళ్లకు మార్చాల్సిందే. అది జనవరి రాత్రి ఆగిపోయిన రోజున ఎవరూ ఆలోచించే స్థితిలో ఉండరు, మళ్లీ గ్యాస్‌దే బిగిస్తారు, మరో ఇరవై ఏళ్లు ఆ ఇల్లు గ్యాస్‌కే కట్టుబడుతుంది. షింగిల్స్ మార్చాల్సిన కప్పు మీద సౌరఫలకాలు ముందే బిగిస్తే రెండుసార్లు ఖర్చు. ఈ గడువులన్నీ వీధి మొత్తానికి ఒకచోట రాసి పెట్టుకుంటే, ఏ ఏడాది ఏ ఇళ్లకు కలిపి కాంట్రాక్టరును పిలవాలో, భూతాప గొట్టాలకు ఏ వేసవిలో తవ్వాలో తేలుతుంది. ఈ పట్టీ తయారీని హెచ్‌ఓఏ వార్షిక సమావేశం ఎజెండాలో ఒక అంశంగా చేర్చమని ఏ సభ్యుడైనా అడగవచ్చు.