చెవి వెనుక ఎముక కథ

పసిబిడ్డల చెవిపై చేసే శస్త్రకర్మను గూర్చీ, దానివలన కలుగగల ఉపద్రవాలను గూర్చీ మన వాఙ్మయంలో చాలా పాత ప్రస్తావన ఉంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం కర్ణవేధకు సంబంధించినది. బిడ్డకు ఆరవ నెలలోనో ఏడవ నెలలోనో చెవులు కుట్టమని చెప్పిన సుశ్రుతుడు, సూది చోటు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాడు. కాలిక, మర్మరిక, లోహితిక అని మూడు సిరలను పేర్కొని, దేనికి సూది తగిలితే జ్వరమో, వాపో, గ్రంథియో, మెడ బిగియడమో విడివిడిగా వివరించాడు. ఉత్తరతంత్రంలో 28 కర్ణరోగాలను లెక్కించి, చెవి కారడాన్నీ బాధిర్యాన్నీ వాటిలో చేర్చాడు.

అయితే కర్ణవేధ చెవి తమ్మెకు పరిమితం. చెవి లోపలి ఎముకను తొలిచే చికిత్స ఐరోపాలో రూపుదిద్దుకొన్నది. ఆ చరిత్రలో ప్రాణానికీ వినికిడికీ మధ్య జరిగిన బేరం ఒకటి ఉంది. అందులో మూల్యం చెల్లించినవారిలో పసివారు ఎందరో.

చెవి వెనుక తడిమితే చేతికి తగిలే గట్టి ఎముకను వైద్యులు మాస్టాయిడ్ అంటారు. దాని లోపల తేనెపట్టులోవలె గాలి గదులు ఉంటాయి. మధ్య చెవిలో పట్టిన చీము ఈ గదులలోనికి పాకుతుంది. దానికి అతి సమీపంలోనే మెదడు, మెదడు నుండి రక్తాన్ని తెచ్చే పెద్ద సిర, ముఖాన్ని కదిలించే నాడి ఉన్నాయి. చీము మెదడు వైపు దారి చేసుకొన్నదా, ప్రాణాపాయమే. ఈ వ్యాధి పిల్లలకే ఎక్కువ.

18వ శతాబ్దంలో పారిస్ శస్త్రవైద్యుడు ఝాఁ లూయీ పెతీ ఈ ఎముకను తెరచి చీము తీసి రోగులను బ్రతికించాడు. కాని 1791లో డెన్మార్క్ రాజవైద్యుడు బెర్గర్ తన చెవుడు పోగొట్టుకోవాలని ఇదే శస్త్రకర్మ చేయించుకొని మరణించాడు. ప్రాణం నిలపడానికి పుట్టిన చికిత్సను చెవుడుకు వాడిన ఫలితమది. ఆ అపకీర్తితో వైద్యులు దశాబ్దాలపాటు దాని జోలికి పోలేదు. 1873లో జర్మనీలోని హాలే నగరంలో హెర్మన్ ష్వార్ట్జె, తన సహచరుడు ఐసెల్‌తో కలిసి, ఎప్పుడు చేయాలో, ఎలా చేయాలో క్రమబద్ధంగా వ్రాసిన పిమ్మటనే అది మళ్ళీ ఆదరణ పొందింది. ఆ పద్ధతిలో కర్ణభేరినీ, దాని వెనుక ఉండే చిన్న ఎముకలనూ ముట్టుకొనరు గనుక వినికిడి నిలిచే అవకాశం ఉండేది.

ఏళ్ళ తరబడి కారుతూ ఎముకను తినివేసే జబ్బుకు అది చాలలేదు. 1889 మొదలు క్యూస్టర్, త్సౌఫాల్, స్టాకె అనేవారు మరింత తీవ్రమైన పద్ధతిని రూపొందించారు. మాస్టాయిడ్‌నూ మధ్య చెవినీ ఒకే గుంటగా తొలిచి, మిగిలిన కర్ణభేరినీ, సుత్తి, దాగలి అనే ఎముకలనూ తీసివేయడమే ఆ పద్ధతి. బిడ్డ బ్రతికేది. కాని ఆ చెవి వినికిడి సుమారు 50 డెసిబెళ్ళ మేర తగ్గేది. మామూలు సంభాషణే దాదాపు 60 డెసిబెళ్ళని గుర్తుంచుకొంటే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. అంతర కర్ణానికి దెబ్బ తగిలితే ఆ చెవి పూర్తిగా పోయినట్లే. గుంట మానక జీవితాంతం కారేవారూ ఉన్నారు. రెండేళ్ళలోపు పిల్లలలో మాస్టాయిడ్ మొన ఇంకా పెరగదు గనుక, ముఖనాడి చర్మానికి దగ్గరగా ఉంటుంది. పెద్దలకు కోసినట్లు కోస్తే ఆ నాడి తెగి, బిడ్డ మూతి వంకర పోతుంది.

1910లో బాండీ అనే వైద్యుడు ఒక మధ్యేమార్గం చూపాడు. జబ్బు పై భాగానికే పరిమితమైతే, చెడిపోని కర్ణభేరినీ ఎముకలనూ ఉంచివేయవచ్చునన్నాడు. ఆపై 1935లో వెలుగుచూసిన సల్ఫా మందులు, 1940లలో వచ్చిన పెన్సిలిన్ ఈ శస్త్రకర్మ అవసరాన్నే చాలావరకు తగ్గించాయి. 1950లలో ఆపరేషన్ మైక్రోస్కోపు వాడుక విస్తరించింది. వుల్‌స్టైన్, త్సోల్నర్ అనే జర్మన్ వైద్యులు కర్ణభేరిని మరల అతికే విద్యకు శాస్త్రరూపమిచ్చారు. అప్పటికిగాని వినికిడిని తిరిగి తేవడం శస్త్రకర్మకు ఒక లక్ష్యం కాలేదు.

కథ ముగియలేదు. చర్మం మధ్య చెవిలో చేరి గడ్డగా పెరిగే కొలెస్టియటోమా అనే జబ్బుకు నేటికీ శస్త్రకర్మే శరణ్యం. అది పిల్లలలో పెద్దలకంటె త్వరగా పెరుగుతుంది, తీసినా తిరిగి వస్తుంది. చెవి గొట్టం వెనుక గోడను ఉంచితే జబ్బు మిగిలిపోతుందేమోనని భయం, తీసివేస్తే గుంటతో జీవితాంతం కష్టం. పాత బేరం రూపు మార్చుకొని నిలిచే ఉంది.

మన ఇళ్ళలో బిడ్డ చెవి కారితే "పెద్దయితే అదే పోతుందిలే" అనే మాట నేటికీ వినబడుతుంది. ఆలస్యమైన కొద్దీ తీసివేయవలసినది పెరుగుతుంది. శస్త్రకర్మ జరిగిన పిమ్మట గాయం మానిందని ఊరుకోవడమూ పొరపాటే. ఒక చెవి మందగించిన బిడ్డ ఆ సంగతి తానుగా చెప్పలేదు, ఎందుకంటే సరిగా వినడమంటే ఏమిటో దానికి తెలియకపోవచ్చు. తరగతిలో వెనుక బల్లపై కూర్చొని, పిలిస్తే పలుకక, మందమతి అనిపించుకొంటుంది. అందుచేత చికిత్సకు ముందు, తరువాత, ఆపై కొన్నేళ్ళపాటు వినికిడి పరీక్ష చేయించడం పెద్దల బాధ్యత. 1890లో తల్లి అడుగగలిగినది "బిడ్డ బ్రతుకుతుందా?" అన్న ఒక్క ప్రశ్నే. నేటి తల్లి "ఎంత వినబడుతుంది?" అని కూడా అడుగవచ్చు. తప్పక అడగాలి.